గిరీశాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నాటక సమాజాల పెద్దలకు, ఊళ్లలో నాటకాలు వేయించే పండగ కమిటీల తమ్ముళ్లకు,

నమస్కారం.

నేను నాటకాలు వేసే మనిషిని కాను. ముప్పయ్యొక్క ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైన పంతులమ్మని. తెర వెనక కూర్చుని ప్రాంప్టింగ్ ఇవ్వడం మటుకు వచ్చు. నాటకం గురించి మీకు చెప్పేంతదాన్ని కానని తెలుసు. అయినా రాస్తున్నానంటే, ముందు వరసలో కూర్చుని చూసేదాన్నిగా మీ మీద నాకు చిన్న కోపం ఉంది. నా మీద నాకు పెద్ద కోపం ఉంది. రెండూ చెప్పేస్తే గానీ మనసు తేలికపడేలా లేదు.

ముందు మీ సంగతి.

ఏటా సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారి జయంతి వస్తుంది. పొద్దున్న విగ్రహానికి దండ, సాయంత్రం సభ, సభ చివర 'కన్యాశుల్కం'లోంచి ఒక ముక్క. ఆ ముక్క ఏదో హాల్లోకి అడుగు పెట్టకుండానే చెప్పగలను. ఇంగ్లీషు ముక్కలతో బుకాయించే గిరీశం చుట్ట వెలిగిస్తాడు. శిష్యుడు వెంకటేశానికి లెక్చరు దంచుతాడు. తనతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అంటాడు. హాలంతా నవ్వుతుంది. టైముంటే వేశ్య మధురవాణీ, కోర్టు తగువుల దళారీ రామప్పపంతులూ వచ్చి ఇంకో పావుగంట నవ్విస్తారు. శాలువాలు, ఫొటోలు, ఇంటికి. గిరీశం వేషం కట్టేవాళ్లు బాగా చెయ్యడం లేదని నేను అనను. మా పట్నంలో ఒకాయన పొగని రింగులు రింగులుగా వదుల్తాడు, సగం చప్పట్లు ఆ రింగులకే. కానీ అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో, డబ్బు పుచ్చుకుని చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టడం మీద జరిగే గొడవని, అంటే ఆ నాటకానికి ఆ పేరు దేనివల్ల వచ్చిందో ఆ గొడవని, స్టేజీ మీద ఎన్నిసార్లు చూశానా అని లెక్కేసుకుంటే ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

అడిగితే మీలో ఒక పెద్దాయన అన్నారు: "అది పాతబడిపోయిందమ్మా. ఇప్పుడు కన్యాశుల్కం ఎవడిస్తున్నాడు? గిరీశాలు మాత్రం వీధికొకడున్నాడు." రెండో మాట నిజమే. మొదటి మాట దగ్గరే నాకు పేచీ.

ఈ నాటకం పుట్టింది మన విజయనగరంలోనే అని మీకు నేను చెప్పక్కర్లేదు. 1892లో జగన్నాథ విలాసినీ సభవాళ్లు మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకం వచ్చింది. 1909లో గురజాడ దాన్ని పూర్తిగా తిరగరాసి ఏడంకాలు చేశారు. మనం ఆడేది, చదివేది ఆ రెండో దాన్నే. అయితే 1897 పుస్తకానికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఒకటుంది. విజయనగరం ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారట. మూడేళ్ల లెక్క. మొత్తం 1034 పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. అప్పటికి విజయనగరం కూడా ఆ జిల్లాలోదే. అంటే అవి మన వీధుల్లో, మన మామిడితోటల పక్కన జరిగిన బేరాలు.

గురజాడ గిరీశం దగ్గర్నుంచి మొదలు పెట్టలేదు, ఈ లెక్క దగ్గర్నుంచి మొదలు పెట్టారు. గిరీశం జనాన్ని కూర్చోబెట్టడానికి వచ్చాడని నా అనుమానం. కూర్చున్నాక చూపించాల్సింది వేరే ఉంది. మనం కూర్చోబెట్టి, నవ్వించి, చూపించకుండానే పంపించేస్తున్నాం.

ఇప్పుడు నా సంగతి.

చాలా ఏళ్ల కిందట, గజపతినగరం అవతల ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరు చెప్పను. మొదటి బెంచీ. వార్షికోత్సవానికి 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ' పాటకి డాన్సు కట్టింది. ఇది మన స్కూళ్లలో మామూలే కదా. ముసలాడికి అమ్మేసిన పిల్ల కథకి జరీ లంగా, పూలజడ వేసి ఆడించి స్టీలు టిఫిన్ బాక్సు ప్రైజు ఇస్తాం. ఆ పిల్లకి కూడా ఇచ్చాం. సంక్రాంతి సెలవులైపోయి బడి తెరిచారు. పిల్ల రాలేదు. నాలుగో రోజు వాళ్ల నాన్న శుభలేఖ పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. మాఘమాసం ముహూర్తం.

ఆ పిల్ల పుట్టిన తేదీ నాకు తెలుసు. రిజిస్టరు రాసింది నేనే. పదిహేను నిండడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ మాటే అన్నాను. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. "అమ్మా, నానూ, మా ఆడమనిషీ చెన్నై ఎల్లిపోతన్నాం, బిల్డింగు పనికి. ఈ గుంటని ఎవరి దగ్గర ఒదిలీమంటారు? ముసల్దానికి కళ్లు ఆనవు. రేపేటైనా అయితే మాటొచ్చేది మాకే. పైగా ఇప్పుడైతే లచ్చలో అయిపోతాది, పదో తరగతి అయ్యాక ఆళ్లు రెండడుగుతారు." నేను ఇంకేదో అనబోయాను. "మాటిచ్చీసినాం తల్లీ, తాంబోలాలు కూడా అయిపోనాయి," అన్నాడు.

పెళ్లికి వెళ్లాను. స్టీలు కేరేజీ చదివించాను. పనసపొట్టు కూర బాగా కుదిరిందని వంటాయనతో అన్నాను కూడా. ఆ తర్వాతి వారమే ఎనిమిదో తరగతికి గురజాడ పాఠం. చాక్‌పీసు పట్టుకుని 'సంఘసంస్కరణ' అని బోర్డు మీద రాశాను. రాశాక వెనక్కి తిరిగి చూస్తే, ఆ పిల్ల చెల్లెలు మూడో బెంచీలో కూర్చుని ఆ మాటని నోట్సులో దిద్దుతోంది. ఆ రోజు పాఠం ఎలా పూర్తి చేశానో నాకు గుర్తు లేదు.

బాల్య వివాహాలు ఆపడానికి 2006 నాటి చట్టం ఉంది, పిల్లకి పద్దెనిమిది, పిల్లాడికి ఇరవయ్యొకటి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేస్తే వచ్చి ఆపుతారు. ఆ నంబరు స్టాఫ్ రూమ్ గోడ మీదే ఉండేది. ఎవరం చెయ్యలేదు. చేస్తే ఊరంతా పగ పడుతుంది, రేపు బడికి పిల్లల్ని పంపరు, ఎందుకొచ్చిన టెన్షన్ అనుకున్నాం. ఈ తప్పు ఇంకెవరి మీదా పెట్టబోవడం లేదు.

ఆ తండ్రిని తలుచుకున్నప్పుడల్లా ఒకటి అనిపిస్తుంది. ఆయన అగ్నిహోత్రావధాన్లు కాడు. కూతుర్ని అమ్ముకోలేదు, ఎదురు డబ్బిచ్చాడు. ఆశతో చెయ్యలేదు, భయంతో చేశాడు. కాబట్టి ఈ నాటకం ఆయనకి అక్షరాలా అతకదు. మరి ఎక్కడ అతుకుతుందయ్యా అంటే, అప్పుడు పిల్ల వయసుకి ఒక ధర ఉండేది, ఇప్పుడూ ఉంది. డబ్బు నడిచే దారి మాత్రం మారింది. అప్పుడు ఏడాది పిల్లకి 350 వచ్చేది. ఇప్పుడు పిల్లకి ఒక్కో ఏడు, ఒక్కో క్లాసు పెరిగేకొద్దీ ఇవ్వాల్సింది పెరుగుతుంది. చిన్నప్పుడే చేసేస్తే కట్నం కలిసొస్తుంది. "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అని అగ్నిహోత్రావధాన్లు అరిచాడు. ఈయన దండం పెట్టి అదే మాట చెప్పాడు. మాట తిరుగులేనిదైపోయాక మనం కనుక్కుంటాం, ఎప్పుడూ అంతే.

ఇది నా ఒక్క ఊరి గోల కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లని అడిగితే, నూటికి 29 మంది పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు. దేశం మొత్తానికి అది 23 చిల్లర. పాతబడిపోయిందన్న పెద్దాయన ఈ లెక్క ఒకసారి చూడాలని నా మనవి.

రిటైరవడానికి ముందేడు, ఆ పాపం కొంతైనా కడుక్కుందామని, నేను చివరగా పనిచేసిన ఊళ్లో పిల్లల చేత రెండో అంకంలో అగ్నిహోత్రావధాన్లూ, ఆయన భార్య వెంకమ్మా తగువాడుకునే భాగం వేయించాను. రామమందిరం అరుగే స్టేజీ. రెండు ట్యూబులైట్లు, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే మైకు సెట్టు. అగ్నిహోత్రావధాన్లు వేసినవాడికి వాళ్ల నాన్న పంచె కట్టి పిన్నీసులు గుచ్చాం. నల్ల ఊలుదారంతో పిలక. వెంకమ్మ వేషం పదో తరగతి పిల్లది, వాళ్లమ్మ చీర. నేను దుప్పటి తెర వెనక సెల్‌ఫోను లైటు వేసుకుని పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

మొదటి ఐదు నిమిషాలు జనం పిలకని చూసి నవ్వారు. సుబ్బిని లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి ఒప్పేసుకున్నానని అగ్నిహోత్రావధాన్లు చెప్పాడు. వెంకమ్మ నూతిలో పడతానంది. పెద్దకూతురు బుచ్చమ్మని అలాగే ముసలాడికి కట్టబెట్టి విధవని చేశారు, ఇక చాలన్నది. అక్కడ మా పిల్ల డైలాగు మర్చిపోయింది. నేను అందించబోయాను. అంతలోకే ఆ పిల్ల తనంతట తనే అనేసింది: "దానికింకా పద్దెనిమిది నిండలేదండీ."

నా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. 1909 నాటకంలో పద్దెనిమిదేమిటి? అప్పటికి శారదా చట్టమే లేదు. అది 1929లో వచ్చింది, అదైనా ఆడపిల్లకి పద్నాలుగే అంది. సరిదిద్దాలా, వదిలెయ్యాలా అని నేను కంగారు పడుతుంటే, అగ్నిహోత్రావధాన్లు వేసిన కుర్రాడు, వాడు కొంచెం గడుసు, పిలక వెనక్కి తోసి "ఆధార్లో నిండించేద్దాంలే" అన్నాడు.

జనం ఘొల్లుమన్నారు. మగాళ్లయితే ఈలలు కూడా వేశారు. అంతలోనే ఆ నవ్వు ఎడమ పక్కనుంచి తగ్గిపోతూ వచ్చింది. ఎడమ పక్క ఆడవాళ్లు గోనెసంచులు పరుచుకుని కూర్చున్నారు. ఎవరి పిల్ల వయసు ఎలా దిద్దించారో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. నేను తెర సందులోంచి చూశాను. ఒకావిడ పక్కనున్న కూతుర్ని దగ్గరికి లాక్కుని తల వంచేసుకుంది. ముప్పయ్యొక్క ఏళ్లు నేను బోర్డు మీద రాసింది చెయ్యలేని పని, ఆ కుర్రాడు తప్పు డైలాగుతో చేశాడు.

గురజాడవారు ఉంటే ఏమనేవారో! తిడతారని నేననుకోను. మనూరి మనుషులు మాట్లాడే మాటల్ని పుస్తకంలోకి ఎక్కించినాయన. పెళ్లి ఇంట్లో అబద్ధం వయసులు, దొంగ సాక్ష్యాలు, కోర్టు కాగితాలు ఆ నాటకం నిండా ఉన్నవే. ఆధార్ కార్డు ఆయనకి తెలియదు, అంతే. తెలిసుంటే రామప్పపంతులు చేతికి ఒకటిచ్చేవారు.

నాటకం అయిపోయాక కుర్చీలు మడతపెడుతుంటే ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ఏటమ్మా పంతులమ్మా, ఆ గుంటకి పెళ్లి సేసేసినారా, ఆపేసినారా? సగంలో తెర దించేస్తే మాకేటి తెలుస్తాది?" మాకు ఆ ఒక్క భాగమే వచ్చు, మిగతాది నేర్వలేదు. కథ నోటితో చెప్పాను. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగట్టాడు, అలా సుబ్బి పెళ్లి తప్పిపోయిందన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. "మేనమావ ఉన్నాడు గనక బతికిపోనాది. లేనోళ్ల సంగతేటి?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

ఎన్నో సాహిత్య సభల్లో ఎంతోమంది పెద్దల ఉపన్యాసాలు విన్నాను. కన్యాశుల్కం మీద అంత సూటి విమర్శ నేను వినలేదు. సుబ్బి బతికిందంటే మేనమామ తెలివి వల్ల బతికింది, ఊరి వల్ల కాదు. ఇష్టమా, కాదా అని సుబ్బిని అడిగినవాళ్లు కూడా నాటకంలో నాకు కనబడలేదు. గిరీశం తప్ప ఇంకేమీ చూపించని సభల్లో ఇలాంటి ప్రశ్న ఎవరికైనా ఎందుకు వస్తుంది?

మీకు ఇంకో భయం ఉంటుందని తెలుసు. ఏడంకాలూ వేస్తే తెల్లారిపోతుంది, జనం లేచిపోతారు, నవ్వులు లేకపోతే చందాలు రావు. నవ్వు వద్దని నేనెందుకంటాను? కానీ నవ్వు కోసమే నాటకాన్ని కోసుకుంటూ పోతే ఏమవుతుందో మన కళ్లముందే జరిగింది. కాళ్లకూరి నారాయణరావుగారి 'చింతామణి' వేశ్యావ్యసనం మీద రాసిన నాటకం. ఊరూరా ఆడి ఆడి, సుబ్బిశెట్టి పాత్రని పెంచి, రాసినాయన రాయని బూతులు కలిపి, చివరికి ఆ హాస్యమే నాటకం అన్నట్టు చేశారు. ఒక కులంవాళ్లకి మనసు కష్టమైంది. 2022 జనవరిలో ప్రభుత్వం ప్రదర్శనలే నిషేధించింది. నిషేధం సరైందా కాదా అన్నది వేరే చర్చ, నాకైతే నచ్చలేదు. ఆ వేషాల మీద బతికే కళాకారుల పొట్ట కొట్టినట్టయింది. కానీ ఆ నాటకాన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది మాత్రం నవ్వుల కత్తిరింపే.

అదే కాళ్లకూరి 1921లో 'వరవిక్రయం' రాశారు. ఇప్పుడు కట్నం మీద ఏదైనా వెయ్యాలనుకునే కుర్రాళ్లు కొత్తగా స్కిట్టు రాసి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఆ పుస్తకం తీస్తే చాలు. తండ్రి కట్నం కోసం పొలం అమ్ముకోవాల్సి వస్తుందని పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. రెండో కూతురు కమల పెళ్లయ్యాక, డబ్బిచ్చి కొనుక్కున్నాం గనక పెళ్లికొడుకు మాకే చెందుతాడని నిలదీస్తుంది. కన్యాశుల్కం మొదటి ప్రదర్శనకీ దీనికీ మధ్య ముప్పై ఏళ్లు కూడా లేవు. ముప్పై ఏళ్లలో డబ్బు పెళ్లికూతురి ఇంటి గడప దాటి పెళ్లికొడుకు ఇంటికి చేరిపోయింది. రెండు నాటకాలూ వరసగా రెండు రాత్రులు వేస్తే, మధ్యలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేకుండా ఆ మార్పు జనానికి కనబడుతుంది. ఎవరైనా వేశారేమో, నేను చూడలేదు.

కాబట్టి నేనడిగేది ఇది. జయంతి రోజున హాల్లో గిరీశాన్ని ఎలాగూ వేస్తారు, వెయ్యండి. దాంతో పాటు ఏడాదికి ఒక్కసారైనా హాలు వదిలి ఊళ్లలోకి రండి. అదీ సంక్రాంతికి. ఎందుకంటే చెన్నై, హైదరాబాదు, విశాఖ వెళ్లిన తల్లిదండ్రులు ఊళ్లో ఉండేది ఆ వారం రోజులే. పిల్లల సంబంధాల మాటలు అప్పుడే అవుతాయి. మాఘమాసం వచ్చేసరికి తాంబూలాలైపోతాయి, ఆ తర్వాత మీరొచ్చి ఎంత బాగా ఆడినా చేసేదేం లేదు. భోగి నాడు ఎవరూ రారు. కనుమ నాడు మాంసం, మందు, కోడిపందేలు, మీ మైకు ఎవరికీ వినబడదు. ముక్కనుమ రాత్రి వెయ్యండి. అందరూ ఇంట్లోనే ఉంటారు, తిరుగు ప్రయాణం బస్సు మర్నాటికి.

పండగ కమిటీ తమ్ముళ్లకి ఒక మాట. మీరు ఆర్కెస్ట్రాకి, డాన్సు ట్రూపులకి ఎంతిస్తారో నాకు తెలుసు. అందులో పదోవంతు చాలు దీనికి. సెట్టింగులు వద్దు, అరుగుంటే చాలు. తూర్పు భాగవతం చూస్తూ తెల్లవార్లూ కూర్చున్న ఊళ్లు మనవి. రెండు గంటల నాటకానికి లేచిపోరు.

సమాజాల పెద్దలకి మరో రెండు విన్నపాలు. వెంకమ్మ, బుచ్చమ్మ, మీనాక్షి వేషాలు ఆ ఊరి ఆడపిల్లలకే ఇవ్వండి, పట్నం నుంచి తీసుకురాకండి. డైలాగు మర్చిపోతే మర్చిపోనివ్వండి. ఇంకోటి, దయచేసి మాటల్ని సినిమా యాసలోకి మార్చకండి. గోదావరి అవతలి ట్రూపు ఒకటి వచ్చి వెంకమ్మ మాటల్ని ఎలా పలికిందో గుర్తొస్తే నాకిప్పటికీ పళ్లు పులుస్తాయి. ఆ నాటకం మన నోటితో రాసిందే, మన నోటితోనే పలకాలి.

ఆఖరి అంకం మాత్రం వదలకండి. బుచ్చమ్మని పెళ్లాడాలని చూసిన గిరీశం ఆటలు వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర సాగవు, బుచ్చమ్మని చదువు కోసం పూనా పంపిస్తారు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నచోట జనం నవ్వాలి, తప్పకుండా నవ్వాలి. కానీ బుచ్చమ్మ పెళ్లి చేసుకోకుండా చదువుకి వెళ్లింది అన్న సంగతి ఆ నవ్వులో కలిసిపోకుండా, ఒక్క నిమిషం ఆ పిల్లని స్టేజీ మీద నిలబెట్టండి.

నా దగ్గర రెండో అంకం, ఏడో అంకం రెండు గంటలకి సరిపోయేలా పెన్సిలుతో గుర్తులు పెట్టిన కాపీ ఉంది. అట్ట ఊడిపోయింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. అడిగినవాళ్లకి జిరాక్సు తీసిస్తాను. ప్రాంప్టింగ్‌కి పిలిస్తే బస్సు ఛార్జీ కూడా అడగను. రిహార్సల్స్‌కి నెల పడుతుంది, అంటే డిసెంబరు మొదటివారంలో మొదలు పెట్టాలి. ఆ ముసలమ్మ ఊరికి మాత్రం మొదట వెళ్దాం. ఆవిడకి మిగతా సగం బాకీ ఉన్నాను.

ఇట్లు,
విజయనగరం నుంచి,
ఒక రిటైరైన తెలుగు పంతులమ్మ